వడ్డీ లేని రుణం – పాతబస్తీ మూలధనం

సంపదను సృష్టించడానికి వినియోగపడే సంపదనే అర్థశాస్త్రం మూలధనం అంటుంది. పేదవానికి కొరవడినది శ్రమశక్తి కాదు, ఈ మూలధనమే. లాడ్ బజారుకు లక్క గాజులు చేసి ఇచ్చే ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. లక్క, బొగ్గు, రాళ్లు ముందుగా కొనాలి. సరుకు అమ్ముడైన పిదపనే డబ్బు చేతికి వస్తుంది. ఈ నడిమి కాలానికి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీపై 10,000 రూపాయలు తెచ్చారనుకొంటే, ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు అట్లే నిలిచి ఉంటుంది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే, కాని ఆ గుర్తింపు చూపితే లక్క అరువు దొరకదు కదా!

బ్యాంకుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ముస్లింలు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు రుణాలకు అనుకూలం కానివిగా పరిగణిస్తున్నాయని 2006 నాటి సచార్ సంఘం నివేదికలోనే ఉన్నది.

ఈ చిక్కుకు మన నగరంలో వెలువడిన సమాధానాలలో ఒకటి ‘ఖర్జె హసనా’, అనగా ప్రతిఫలం ఆశించని అప్పు. 1966లో హైదరాబాదులో నెలకొన్న తూర్ బైతుల్ మాల్ ఈ కోవలోనిది. ఇట్టి సంస్థల విధానం సరళమైనది. స్తోమత గలవారు తమ వద్ద ఊరక ఉన్న సొమ్మును వడ్డీ కోరక నిల్వ చేస్తారు. అడిగినవారికి తిరిగి ఇవ్వడానికి కొంత చేతిలో ఉంచుకొని, తక్కినది నగలు కుదువ పెట్టుకొని అప్పుగా ఇస్తారు. ఇది జకాత్ కాదు. జకాత్ ఇచ్చినవానికి తిరిగి రాదు. ఈ సొమ్ము తిరిగి రావాలి, వచ్చి మరొకరి చేతికి పోవాలి. లక్ష రూపాయలు పదిమందికి పది నెలల గడువుపై ఇస్తే, గడువు తీరేసరికి అదే లక్ష మరి పదిమందికి సిద్ధంగా ఉంటుంది. ఆ కారణం చేతనే దీనిని దానమనక పెట్టుబడి అనడం సమంజసం. అయితే గుమాస్తా జీతం, ఇనుపపెట్టె కాపలా ఉచితంగా రావు. ఆ ఖర్చును విరాళాలో, స్వల్ప సేవారుసుమో భరించాలి. రుసుము అప్పు మొత్తాన్నీ కాలాన్నీ బట్టి పెరిగిందా, అది మారుపేరుతో వచ్చిన వడ్డీయే.

అసలు లోపం మరొకచోట ఉన్నది. కుదువ పెట్టడానికి నగ లేని స్త్రీ గతి ఏమి? అందరికంటె పేదరాలు ఆమెయే. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో ఆచార్య ముహమ్మద్ యూనస్ ప్రారంభించిన ప్రయోగం ఇందుకొక మార్గం చూపింది: నగకు బదులు తోటివారి పూచీ. కాని అదే పద్ధతి లాభాపేక్షతో కలిసినప్పుడు ఏమైనదీ మనకు తెలుసు. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా గల ఒక సూక్ష్మరుణ సంస్థ వాటాలు స్టాక్ మార్కెట్టుకు ఎక్కాయి. వసూళ్ల ఒత్తిడిపై ఆందోళన చెలరేగి, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

పూచీని జోబ్రా నుండి, వడ్డీ లేమిని బైతుల్ మాల్ నుండి గ్రహించి రెంటినీ కలపడం అసాధ్యం కాదని నా అభిప్రాయం. ఒకే గల్లీలో జర్దోసీ మగ్గం మీద కూర్చొనే అయిదుగురికి, ఎవరు మాట నిలుపుకొంటారో ఏ గుమాస్తాకన్నా బాగా తెలుసు. పెద్ద ఎత్తున ఇది సాగడానికి చట్టం తోడు కావాలి. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను అనుమతించవలసినదని రఘురామ్ రాజన్ సంఘం 2008లో సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను కొనసాగించరాదని రిజర్వు బ్యాంకు నిశ్చయించినట్లు 2017లో వెల్లడైంది.