దినదినము వ్రాయవలసినది, పక్షమున కొకమారు చూడవలసినది

ప్రశ్న: ఈ ఏడు అప్పు తీర్చవలెనని ప్రతిరాత్రి ఖర్చును, బాకీని వ్రాసికొనుచున్నాను. బాకీ తగ్గినట్లు కనబడక విసుగు పుట్టుచున్నది. ఏమి చేయుదును?
— ఒక రైతు, దేవరకొండ

జవాబు: మీ వ్రాతలో లోపము లేదు, చేసిన పనిని, దాని ఫలితమును ఒకే గడువుతో కొలుచుటయందే చిక్కున్నది. రెంటికి వేరు గడువు లుంచిన వారి ఉదాహరణ మొకటి చెప్పెదను. 2003 ప్రాంతమున ఆరంభమై నల్లగొండ, మహబూబ్‌నగరములతో గూడ ఏడు కరవు జిల్లాలలో నడచిన రైతుల భూగర్భజల నిర్వహణ పథకమున, అక్షరజ్ఞానము అంతంతమాత్రముగా గల రైతులు సైతము వానను ఏ రోజు కారోజు కొలిచి, బోరుబావుల నీటిమట్టమును మాత్రము పదునైదు దినముల కొకమారు చూచి, ఆ అంకెలను ఊరిలో అందరికిని కనబడు ఫలకములపై వ్రాసి, యాసంగికి ముందు నీటి లెక్క కట్టుకొని, వరి యెంత, ఆరుతడి యెంత అని ఎవరికి వారే నిశ్చయించుకొనుచుండిరి. (ఆజ్ఞ లేదు, జరిమానా లేదు, నాకు మిక్కిలి నచ్చిన దదియే.)

కావున ఖర్చును, కూలిని, అమ్మకమును నిత్యము వ్రాయుడు. బాకీ నిల్వను పక్షమున కొకమారే చూడుడు. విత్తనము కొనుటకు ముందు ఆ పుటలు తిరుగవేసి, నష్టము తెచ్చిన పంటను తగ్గింపుడు. రంగుగళ్ళ పుస్తకము లక్కరలేదు, కిరాణా ఖాతాపుస్తకము చాలును. వడ్డీ ఎక్కువగల బాకీని మాత్రము మొదటి పుటలోనే వ్రాసికొనుడు.