సముద్రము ఎవరిది?
(అంతర్జాతీయ న్యాయములో వర్తకులకొక పాఠము)



2024వ సంవత్సరము మొదటి మాసములలో మా అంగడి నుండి ఐరోపాకు పోవలసిన పసుపు గడువుకు చేరలేదు. ఓడ ఏజెంటును అడుగగా, ఎఱ్ఱ సముద్రములో ఓడలపై దాడులు జరుగుచున్నందున మన సరుకెక్కిన ఓడ సూయజ్ కాలువ దారి విడిచి ఆఫ్రికా ఖండమును చుట్టి పోవుచున్నదనియు, రెండు వారములు ఆలస్యమగుననియు, కిరాయి, బీమా రెండును పెరిగినవనియు చెప్పినాడు. పక్కనే కూర్చుండి పద్దు వ్రాయుచున్న మా తమ్ముని కుమారుడు, “పెదనాన్నా, సముద్రము ఎవరి సొత్తూ కాదంటారు గదా, మరి దారి మూసే హక్కు వారికెక్కడిది?” అని అడిగినాడు.

నేను హైస్కూలుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. వెంటనే జవాబు తోచలేదు. ఆ ప్రశ్న విడువక వెంటబడగా, తీరిక సమయములలో చదివి తెలిసికొన్నది ఇక్కడ సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఇది పండితుల కొరకు వ్రాసినది కాదు. సరుకు ఎగుమతి దిగుమతులతో బ్రతుకు మన కుటుంబములలోని పిల్లలు చదివి ఆలోచింపవలెనని వ్రాసినది.

1. ఒక ఓడ పట్టివేత

1603వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన, నేటి సింగపూరు సమీపమున, ‘సాంతా కాతరీనా’ అను పోర్చుగీసు ఓడను హాలండు దేశపు నౌకాధిపతి యాకోబ్ వాన్ హేమ్‌స్కెర్క్ పట్టుకొన్నాడు. ఓడ నిండ పట్టు, చీనా పింగాణీ, కస్తూరి మొదలైన విలువగల సరుకులు ఉండెను. వాటిని ఆమ్‌స్టర్‌డాము నగరములో వేలము వేయగా 30 లక్షల గిల్డర్లకు పైగా వచ్చినది. 1604లో అచ్చటి నౌకా న్యాయస్థానము ఇది న్యాయమైన పట్టుబడియే అని తీర్పు చెప్పినది. సొమ్ము కంపెనీకి చేరినది.

ఆ కాలమున పోర్చుగీసువారు హిందూ మహాసముద్రము తమదేనని చెప్పుకొనుచుండిరి. 1493లో పోపు ఇచ్చిన శాసనము, 1494లో స్పెయినుతో చేసికొన్న తోర్దెసిల్లాస్ ఒడంబడిక వారికి ఆధారములు. మన దేశపు వర్తకులు సయితము వారి వద్ద ‘కర్తాజ్’ అను అనుమతి చీటీ కొనుక్కొని ఓడ నడపవలసి వచ్చెడిది. చీటీ లేని ఓడను పట్టుకొనెడివారు. కాబట్టి డచ్చివారు పోర్చుగీసువారి ఓడను పట్టినప్పుడు, దొంగను దొంగ దోచినాడని కొందరనుకొనియుందురు.

2. లాభము వద్దన్న వాటాదారులు

ఈ కథలో మనము ముఖ్యముగా గుర్తింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ కంపెనీ వాటాదారులలో మెన్నొనైట్లు అను క్రైస్తవ శాఖవారు కొందరు ఉండిరి. ఆయుధము పట్టరాదనుట వారి మతనియమము. వర్తకము కొరకు మదుపు పెట్టితిమే గాని కొల్లగొట్టుటకు కాదని వారు అభ్యంతరము చెప్పినారు. కొందరు వాటాలు అమ్ముకొని వైదొలగినారు. యుద్ధముతో పని లేని వేరొక కంపెనీ పెట్టవలెనన్న యోచన కూడ నడచినది.

వాటాదారులే ఇట్లనగా కంపెనీ డైరెక్టర్లకు చిక్కు వచ్చిపడినది. పట్టుబడి న్యాయమేనని జనమును ఒప్పింపవలెను. అందులకు ఒక యువ న్యాయవాదిని ఆశ్రయించినారు. ఆయనయే హ్యూగో గ్రోషియస్. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరములు. ఆయన పట్టుబడి న్యాయమును గూర్చి లాటిను భాషలో పెద్ద గ్రంథము వ్రాసినాడు. అది ఆయన జీవితకాలములో అచ్చు కాలేదు. వ్రాతప్రతి 1864లో బయటపడగా 1868లో అచ్చయినది. అయితే అందలి ఒక్క అధ్యాయము మాత్రము 1609లో ‘మారె లిబెరుమ్’, అనగా ‘స్వేచ్ఛా సముద్రము’ అను పేర వేరుగా వెలువడినది. నేటి సముద్ర న్యాయమునకు మూలగ్రంథములలో దానిని ఒకటిగా చెప్పుదురు.

3. వాదము, ప్రతివాదము

గ్రోషియస్ వాదము సామాన్యునికి కూడ అర్థమగును. భూమిని కంచె వేసి అనుభవింపవచ్చును, సముద్రమునకు కంచె లేదు. ఒకడు ఓడ నడిపినంత మాత్రమున వెనుక వచ్చువానికి దారి తరిగిపోదు. గాలివలె అది అందరిది. తూర్పు దేశములకు తమ తమ రాజులు, తమ తమ చట్టములు ఉన్నవి. వారు క్రైస్తవులు కానంత మాత్రమున ఆ దేశములను మరియొకరికి దానము చేయు అధికారము పోపునకు లేదు. ఏ జాతి ఏ జాతితోనైనను వర్తకము చేసికొనవచ్చును.

దీనికి జవాబులు వెంటవెంటనే వచ్చినవి. 1625లో పోర్చుగీసు పండితుడు సెరాఫిమ్ ద ఫ్రైతాస్ తమ దేశపు పక్షమున వ్రాసినాడు. ఇంగ్లండులో జాన్ సెల్డెన్ వ్రాసిన ‘మారె క్లౌసుమ్’, అనగా ‘మూసిన సముద్రము’, 1635లో వెలువడినది. తమ తీరమునకు ఆనుకొన్న సముద్రము రాజు సొత్తు కావచ్చునని ఆయన వాదము. 1702లో బింకెర్షూక్ అను డచ్చి న్యాయవేత్త మధ్యేమార్గము చెప్పినాడు: తీరమున ఉన్న ఫిరంగి గుండు ఎంత దూరము పోవునో అంతవరకే రాజ్యాధికారము. తరువాత అనేక దేశములు ఆ దూరమును మూడు మైళ్ళుగా లెక్కించినవి.

ఇక రెండవ ముఖమును కూడ చూడవలెను. సముద్రము అందరిదన్న డచ్చివారే మసాలా దీవులలో జాజికాయ, లవంగము తమకు తప్ప ఎవరికిని అమ్మరాదని ఒప్పందములు వ్రాయించుకొన్నారు. 1613లో ఇంగ్లీషువారితో చర్చలు జరిగినప్పుడు, ఇంగ్లీషువారు ‘మారె లిబెరుమ్’ లోని మాటలనే ఎత్తి చూపగా, ఎదుట కూర్చుండి డచ్చి గుత్తాధికారమును సమర్థించినవాడు గ్రోషియసే. 1621లో బాందా దీవులలో డచ్చి కంపెనీ సేన అచ్చటి ప్రజలను ఊచకోత కోసినది. ఇంగ్లండు సంగతియు అంతే. బలము చాలని నాడు మూసిన సముద్రమని వాదించి, ప్రపంచములో పెద్ద నౌకాబలము సంపాదించిన తరువాత స్వేచ్ఛా సముద్రమునకు కావలి తానే అన్నది.

దీనిని బట్టి తేలునదేమనగా, న్యాయము మాట చెప్పినవాడెల్ల న్యాయపరుడు కాడు. తనకు నష్టము వచ్చు చోట కూడ దానికి కట్టుబడినాడా లేదా అనునదే పరీక్ష.

4. మోటుపల్లి అభయశాసనము

ఆ పరీక్షకు నిలిచిన ఉదాహరణము మన తెలుగు తీరముననే ఉన్నది. పూర్వకాలమున గాలివానకు ఓడ పగిలి తీరమునకు కొట్టుకొని వచ్చినచో, అందలి సరుకంతయు ఆ తీరపు రాజు తీసికొనెడివాడు. ఐరోపాలోను ఇట్టి ఆచారమే చాలకాలము సాగినది. శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244-45లో, కాకతీయ గణపతిదేవ మహారాజు మోటుపల్లి రేవులో శాసనము వేయించి ఆ ఆచారమును విడిచిపెట్టినాడు. ప్రాణము కంటె ధనమే గొప్పదని నమ్మి సముద్రమునకు తెగించి వచ్చువారిపై దయతో, నిర్ణయమైన సుంకము తప్ప మిగిలినదంతయు వారికే వదలుచున్నానని ప్రకటించినాడు. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. రేవు బాగుపడవలెనను రాజనీతియు ఇందులో లేకపోలేదు. అయినను తన చేతిలో ఉన్న హక్కును తానే వదలుకొని రాతిపై చెక్కించుట చిన్న పని కాదు. ఆయన తరువాత రెడ్డిరాజైన అనవోతారెడ్డియు 1358లో మోటుపల్లి వర్తకులకు అభయమిచ్చినాడు.

ఇక్కడ చరిత్రకారుల మధ్య ఒక వివాదము ఉన్నది. అంతర్జాతీయ న్యాయము కేవలము ఐరోపా సృష్టి అని చాలకాలము బోధించినారు. 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసిన సి. హెచ్. అలెగ్జాండ్రోవిచ్ దీనిని ప్రశ్నించినారు. పోర్చుగీసువారు రాకముందు హిందూ మహాసముద్రములో అరబ్బులు, గుజరాతీలు, తమిళులు, చీనావారు స్వేచ్ఛగా ఓడలు నడిపిన ఆచారము గ్రోషియస్‌కు దారి చూపినదని ఆయన వాదించినారు. మన దేశపు న్యాయవేత్త ఆర్. పి. ఆనంద్ కూడ ఈ మార్గముననే వ్రాసినారు. కొందరు దీనికి సమ్మతింపరు. గ్రోషియస్ తన వాదమును ముఖ్యముగా రోమను న్యాయము నుండియే తీసికొన్నాడని వారి మాట. ఎవరి పక్షము బలమైనదైనను, ఆ సముద్రమున గ్రోషియస్‌కు పూర్వమే వర్తకులు ఉండిరనియు, వారికి అభయమిచ్చిన రాజులు ఉండిరనియు మోటుపల్లి రాయి చెప్పుచున్నది.

5. అభయము నుండి ఒడంబడికకు

ఒక రాజు ఇచ్చిన అభయమును మరియొక రాజు తీసివేయవచ్చును. అందుచేత క్రమముగా దేశములు కూడి ఒడంబడికలు వ్రాసికొన్నవి. క్రిమియా యుద్ధానంతరము 1856లో పారిస్ ప్రకటన వచ్చినది. అందు నాలుగు సూత్రములు. రాజు చీటీతో ప్రైవేటు ఓడలు కొల్లగొట్టు పద్ధతి రద్దు. తటస్థ దేశపు ఓడలో ఉన్న శత్రువు సరుకును పట్టరాదు. శత్రువు ఓడలో ఉన్న తటస్థుని సరుకును పట్టరాదు. (ఈ రెంటికిని యుద్ధ సామగ్రి మినహాయింపు.) రేవు దిగ్బంధనము కాగితముపై గాక నిజముగా అమలులో ఉన్నప్పుడే చెల్లును. రెండు ప్రపంచ యుద్ధములలోను ఈ సూత్రములు ఎంతగానో ఉల్లంఘింపబడినవి. అయినను ఉల్లంఘించినవాడు కూడ ఏదో ఒక సాకు చెప్పుకొనవలసి వచ్చినది.

1982లో ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక సిద్ధమై, 1994లో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము తీరము నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు దేశపు సముద్రము. అందులో నిరపాయముగా పోవు పరదేశపు ఓడకు దారి ఇవ్వవలెను. 200 నాటికల్ మైళ్ళ వరకు చేపలు, చమురు మొదలైన సంపదలపై తీర దేశమునకే హక్కు, కాని ఓడల రాకపోకలు స్వేచ్ఛ. ఇరుకైన జలసంధులలో పోవు హక్కును తీర దేశము ఆపరాదు. భారతదేశము 1976లోనే స్వంత చట్టము చేసికొని, 1995లో ఈ ఒడంబడికను ఆమోదించినది. అమెరికా దీనిలో చేరలేదు.

6. నేటి ప్రశ్నలు

ఇప్పుడు మా వాని ప్రశ్నకు వత్తము. 2023 నవంబరు నుండి యెమెన్‌లోని హూతీలు ఎఱ్ఱ సముద్రములో ఓడలపై దాడులు చేసినారు. గాజా యుద్ధము వలన ఇజ్రాయెలుతో సంబంధమున్న ఓడలనే కొట్టుచున్నామని వారు చెప్పినారు. కాని ఆ సంబంధము లేని ఓడలు కూడ దెబ్బతిన్నవి, నావికులు చనిపోయినారు. 2024 జనవరిలో భద్రతా సమితి ఈ దాడులను ఖండించి ఆపుమని తీర్మానించినది. దాడులు ఆగలేదు. కాబట్టి జవాబు ఇది: దారి మూసే హక్కు వారికి లేదు, మూయగల బలము మాత్రము ఉండెను. ఒడంబడికపై సంతకము చేయని సాయుధ బృందముచేత న్యాయము ఎట్లు పాటింపజేయవలెననునది నేటి న్యాయవేత్తలకు తీరని ప్రశ్న.

దేశముల సంగతియు చూడుడు. దక్షిణ చీనా సముద్ర వివాదములో 2016 జూలై 12న న్యాయమండలి ఫిలిప్పైన్స్‌కు అనుకూలముగా తీర్పు చెప్పగా, చీనా దానిని అంగీకరింపలేదు. అంతకు రెండేండ్ల క్రితము, 2014 జూలైలో, బంగాళాఖాతములో భారత్, బంగ్లాదేశ్‌ల నడుమ వివాదపడిన సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,400కు పైగా బంగ్లాదేశ్‌కే చెందునని తీర్పు వచ్చినది. మన దేశము పెద్దది, నౌకాబలము గలది. అయినను తీర్పును అంగీకరించినది. ఆ సముద్రముపై తగాదా అంతటితో తీరినది. నష్టమని తోచినది నిజమునకు శాంతికి చెల్లించిన వెల అని నా అభిప్రాయము.

7. మనకు దీనితో నిమిత్తమేమి?

రాజ్యముల సంగతి రాజ్యములు చూచుకొనును, చిల్లర వర్తకులము మనమేమి చేయగలమని కొందరనవచ్చును. తత్త్వార్థసూత్రములో అస్తేయ వ్రతమునకు చెప్పిన అతిచారములలో రెండు ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనదగినవి. దొంగ తెచ్చిన సొత్తును పుచ్చుకొనుట ఒకటి. విరుద్ధరాజ్యాతిక్రమము మరియొకటి, అనగా రాజ్యములు విరోధించిన వేళ వాని కట్టుబాట్లు దాటి లాభము తీయుట. ఓడను పట్టినవాడు నౌకాధిపతి, తీర్పు చెప్పినది న్యాయస్థానము, అయినను ఆ సొమ్ములో వాటా మాకు వద్దన్న మెన్నొనైట్ల మనస్సు మన వ్రతమునకు ఎంత దగ్గరదో చూడుడు.

నా సంగతి దాచక చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక దళారి, కొనుగోలుపై నిషేధమున్న దేశపు సరుకును మూడవ దేశపు రేవులో దింపి, పుట్టుక పత్రము మార్చి, చవుకగా ఇప్పించెదనన్నాడు. లాభము బాగుగనే కనబడినది. రెండు రోజులు ఊగిసలాడి వద్దన్నాను. నన్ను ఆపినది ధర్మమా, భయమా అని అడిగినచో భయమే ఎక్కువ అని ఒప్పుకొనవలెను. ఈ చరిత్ర చదివిన తరువాత, అడిగినవాడు మరల వచ్చినచో రెండు రోజులు పట్టదని అనుకొనుచున్నాను.

మా వానితో ఇంతయు చెప్పగా, “అయితే పెదనాన్నా, పాటించువారు ఉన్నంతవరకే న్యాయమన్నమాట” అన్నాడు. ఔనన్నాను. ఆ పాటించువారిలో పత్రముపై సంతకము పెట్టు మన చేయి కూడ ఒకటి.

పిల్లలతో చర్చించుటకు ప్రశ్నలు

1. న్యాయస్థానము ఒప్పినను మెన్నొనైట్లు ఆ సొమ్ము ఎందుకు వద్దన్నారు? వారి స్థానమున మీరున్నచో ఏమి చేయుదురు?

2. గ్రోషియస్ తరువాత తన వాదమునకు విరుద్ధముగా నడచినాడు. అందువలన ఆయన చెప్పిన న్యాయము విలువ తగ్గునా?

3. మన అంగడికి వచ్చు సరుకులలో దేని పుట్టుక మనకు నిశ్చయముగా తెలియదు? తెలిసికొనుటకు ఏమి చేయవచ్చును?