రెండవ టిక్కెట్టు

అమ్మడూ,

మీ అమ్మమ్మ స్మారకమునకు వేయించు ఫ్లెక్సీ ఎన్ని అడుగులుండవలెనన్న సంగతి తరువాత చూతము. నీవు ఉత్తరము చివర, ఇంక చోటు లేని మూలకు నెట్టి, చీమతలకాయలంత అక్షరములతో వ్రాసినదే నాకు మొదటి ప్రశ్న. "అమ్మమ్మ ఏ జబ్బుతో పోయిందో కార్డు మీద వేస్తే మన పిల్లలకు సంబంధాలు రావని పెద్దత్త అంటోంది, వేయమంటావా వద్దంటావా తాతయ్యా" అని గదా అడిగితివి? వేయుము. రొమ్ము క్యాన్సరు అనియే వేయుము. 'దీర్ఘవ్యాధి' యనియు, 'తీవ్ర అస్వస్థత' యనియు ముసుగులు తొడుగవలదు. నర్సింగు మూడవ సంవత్సరము చదువుచున్న పిల్లవు, ఈ జబ్బు వంశపారంపర్యముగా వచ్చుట నూటికి 5 నుంచి 10 మందిలో మాత్రమేనని పుస్తకములో చదివియుండియు, పెద్దత్త ఒక్క కేక వేయగానే కలము జేబులో పెట్టుకొంటివా? ఒకవేళ మన యింట అదియే నిజమైనను, దాచుటవలన మన ఆడపిల్లలకు కలుగు మేలేమి? తెలిసినవారు ముందుగా పరీక్ష చేయించుకొందురు. తెలియనివారు నావలె మిరపకోతలు కానిమ్మందురు. పెద్దత్తతో నేను మాటలాడెదను. ఆమెకు నామీద కోపము వచ్చుట క్రొత్తగాదు.

గడ్డ నెట్లు తడిమి చూచుకొనవలెనో, ఏ వయసున ఏ పరీక్ష చేయవలెనో నీకు నేను చెప్పబూనుట హనుమంతుని ముందు కుప్పిగంతులు. కావున వానిని విడిచితిని. నీవు అడిగినది స్మారకమునుగూర్చి; దానినిగూర్చి నాకు కొంత తెలియును, తెలిసినదెల్లయు తప్పుచేసి నేర్చుకొన్నదే.

మన కారెంపూడిలో ఏటేట కార్తీక అమావాస్యనాడు మొదలుకొని అయిదు దినములు జరుగు వీరారాధనను నీవు చిన్ననాట నా భుజముమీద కూర్చుండి చూచితివి. పండ్రెండవ శతాబ్దిలో పల్నాటి యుద్ధమున పడిపోయినవారి ఆయుధములను, కొణతములను, ఊరూరినుండి మోసికొనివచ్చి నాగులేటిలో స్నానము చేయించి వీర్లగుడికి చేర్చుదురు. అచ్చట ఎవ్వరును 'దివంగతులైన ఫలానావారు' అని గొణగరు. ఎవడు ఎట్లు పోయెనో, ఎవని మొండితనమున పోయెనో, ఏ కోడిపందెమున కథ మొదలయ్యెనో, అంతయు బిగ్గరగా చెప్పుదురు. ఆ అయిదు దినములలో మందపోరు అను నాడు బ్రహ్మనాయని పేర చాపకూడు పెట్టుదురు. ఆయన కులభేదము లేక ఒక చాపమీద అందఱిని కూర్చుండబెట్టెను గనుక, నేడును ఆయన జ్ఞాపకము అన్నముగానే వడ్డింపబడుచున్నది. పోయినవారు దేనికొఱకు నిలిచిరో, లేదా ఏది లేక పోయిరో, జ్ఞాపకము ఆ రూపమునే ధరింపవలెనని పల్నాటివారికి ఒకరు నేర్పవలసిన పనిలేదు. అయినను నేను మఱచితిని.

మద్రాసులో ముత్తులక్ష్మి రెడ్డి గారు మఱువలేదు. ఆమె చెల్లెలు క్యాన్సరుతో కన్నుమూసెను. అప్పుడా వ్యాధికి దక్షిణదేశమున ప్రత్యేకమైన ఆసుపత్రియే లేదు. లేనిదేదో ఆ అక్కకు స్పష్టముగా తెలిసెను. చెల్లెలి పేర సత్రము గట్టింపలేదు, చలివేంద్రము పెట్టింపలేదు. దశాబ్దములపాటు అధికారుల గుమ్మములు త్రొక్కి, స్త్రీల సంఘముద్వారా చందాలు ప్రోగుచేసి, 1954లో, అనగా ఆంధ్ర రాష్ట్రము వేఱై యింకను ఏడాది నిండక మునుపే, అడయారులో 12 పడకలతో క్యాన్సరు ఆసుపత్రిని తెఱపించెను. నేటికిని నెల్లూరు, చిత్తూరు ప్రాంతములనుండి మనవారు రైలెక్కి అచ్చటికే పోవుచుందురు. హైదరాబాదులో బసవతారకము గారి పేర 2000 సంవత్సరమున వెలసిన ఆసుపత్రి కథ నీకు తెలిసినదే. క్యాన్సరుతో పోయిన భార్య పేర ఎన్.టి. రామారావు గారు తలచిన తలంపునకు అమెరికాలోని తెలుగువారు కూడ తోడైరి. అదే నగరమున శస్త్రవైద్యులు రఘురామ్ గారు 2007లో రొమ్ము క్యాన్సరుకై నెలకొల్పిన సంస్థకు తల్లి ఉషాలక్ష్మి గారి పేరు పెట్టిరి. ఆమె తానే స్త్రీవైద్యురాలు, తానే ఆ వ్యాధిని అనుభవించిన మనిషి. ఇచ్చట నాకు నచ్చినది యేమనగా, బ్రతికియున్న తల్లి పేరును ఆ జబ్బు పేరి ప్రక్కన పదిమందిలో వ్రాయుటకు ఆ కొడుకు జంకలేదు, వ్రాయనిచ్చుటకు ఆ తల్లి జంకలేదు. పెద్దత్తకు ఇది చదివి వినిపింపుము.

ఇక నా తప్పు వినుము. మీ అమ్మమ్మ, అనగా నా చెల్లెలు, 1998లో పోయెను. మఱుసటి యేడు సంవత్సరీకమునకు, ఏదో చేయవలెనన్న ఆరాటమున, మన ఊరి బస్సు షెల్టరులో ఒక సిమెంటు బల్ల వేయించితిని. నీవు దానిమీద కూర్చుండియే కాలేజీ బస్సుకు ఎదురుచూచితివి గదా, ఎన్నడైన వ్రాత చదివితివా? 'కీ.శే.' అని, దాని వెంట నా చెల్లెలి పేరు చిన్న అక్షరములు. దాని క్రింద, దూరమునుండి గూడ కనబడునట్లు, నా పేరు, నా పేరి ప్రక్కన 'తెలుగు పండితులు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల'. ఆమె యెట్లు పోయెనో ఒక్క ముక్కయు లేదు. నలుబది యేండ్లు పిల్లలకు ఔచిత్యమునుగూర్చి పాఠము చెప్పినవాడి ఔచిత్యము అది! ఆ బల్లను చూచి మెచ్చుకొన్నవారందఱు నన్ను మెచ్చుకొనిరేగాని, నా చెల్లెలు యెవరని ఒక్కరును అడుగలేదు.

కొన్ని యేండ్లకు ఒక వేకువజామున గుంటూరు బస్సుకొఱకు ఆ బల్లమీదనే కూర్చుంటిని. ప్రక్కన ఒక నడివయసు స్త్రీ, చేత ప్లాస్టిక్ సంచి, సంచిలో ఎక్స్‌రే కవరు. ఒంటరిగా పోవుచున్నది. మాటలలో మాటగా, రొమ్ములో గడ్డ యున్నదని, ఏడాది దాటినదని, ఎవరికి చెప్పుకొనవలెనో తెలియలేదని చెప్పెను. అప్పుడు నేను, "అమ్మా, నీవు కూర్చున్న బల్లమీద పేరున్న మనిషి నా చెల్లెలు, ఆమెయు ఆ జబ్బుతోనే పోయినది" అంటిని. ఆమె వంగి, వ్రేలితో ఆ అక్షరములను ఒక్కొక్కటిగా తడిమి చూచి, "అట్టా రాయొచ్చుగా మరి, ఈడ యేడాది నుంచీ కూర్చుంటన్నా" అన్నది. బస్సు వచ్చెను. నేను టిక్కెట్టు తీసికొనుటకుగూడ మఱచి కూర్చుంటిని.

మీ అమ్మకు గూడ నేను పూర్తిగా చెప్పని సంగతి యొకటి చెప్పెదను. 1996 సంక్రాంతి వెళ్లిన వారమున మీ అమ్మమ్మ మా యింటికి వచ్చి, చంకకు దగ్గరగా గోలీకాయంత గడ్డ తగులుచున్నదని మీ పెద్దమ్మమ్మతో చెప్పెను. ఆమె నాతో చెప్పెను. నేను పత్రిక మడిచి, "నొప్పి యున్నదా?" అంటిని. లేదన్నది. "నొప్పి లేదు గదా, మిరపకోతలు కానిమ్ము, వేసవి సెలవులలో నేనే గుంటూరు తీసికొనిపోయెదను" అంటిని. నొప్పి లేకపోవుటయే ఆ గడ్డ దొంగతనమని నాకు తెలియదు. తెలియకపోవుట తప్పుకాదేమో గాని, తెలిసినవాడివలె తీర్పు చెప్పుట తప్పు. ఆమెకు నాలుగెకరముల మిర్చి. కోతకూలీలను కూడగట్టుట, కల్లములో కాయ ఆరబోయుట, తాలు ఏరించుట, యార్డుకు బస్తాలు తోలించుట, అన్నియు ఆమె తలమీదనే. అయినను మనసాగక, ఫాల్గుణమాసమున ఒకనాడు, ఇంటిల్లిపాది కల్లములో నుండగా, ఎవరికిని చెప్పక తెల్లవారుజామున బస్సెక్కి ఒంటరిగా గుంటూరు వెళ్లినది. దారి అడుగుచు ఒక ఆసుపత్రి చేరి, చీటీ వరుసలో రెండు గంటలు నిలిచి, తీరా వంతు వచ్చినప్పుడు "వెంట ఎవరొచ్చారమ్మా" అని అడిగినందుకు, ఎవరును రాలేదని చెప్పుటకు సిగ్గుపడి, "ఇప్పుడే పిలుచుకొస్తా" నని పలికి, వరుసలోనుండి తొలగి, తిరుగుబస్సెక్కి వచ్చినది. మాతో మాత్రము చూపించుకొంటిననియు, ఏమియు లేదన్నారనియు చెప్పినది. మేము సంతోషించితిమి. మే నెలలో నేను నా మాట నిలబెట్టుకొని తీసికొనిపోవునప్పటికి గోలీకాయ నిమ్మకాయ యైనది. చంకలోని గ్రంథులను దాటినది. ఈ కథ ఆమె కడపటి దినములలో నవ్వుచు చెప్పినది. నవ్వుచునే చెప్పినది, అమ్మడూ.

ఆనాటి మందుల చీటీలో మెథోట్రెక్సేట్ అను పేరు చూచి, అది మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనశాలనుండి వెలువడిన మందని తరువాత తెలిసికొని ఎంతో ఉప్పొంగితిని. అమెరికా పోయిన తెలుగువాని మేధ సముద్రములు దాటి గుంటూరుదాక రాగలిగినది. గుంటూరునుండి మా ఊరిదాక గల దూరమునకు మాత్రము నా చెల్లెలి వెంట ఒక మనిషి లేకపోయెను.

కావున నీవు చందా ప్రోగుచేసి ఏ ఆసుపత్రికి పంపవలెనని అడిగిన దానికి నా జవాబిది. పెద్ద సంస్థలకు ఇచ్చుట మంచిదే, ఇయ్యదలచిన రసీదు తీసికొని యిమ్ము. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టువారు కట్టించి యిచ్చిన క్యాన్సరు కేంద్రమువంటివి వచ్చిన పిమ్మట మనవారికి హైదరాబాదు పరుగు కొంత తగ్గినది. 2007లో ఆరోగ్యశ్రీ అని మొదలై, ప్రభుత్వము మాఱినప్పుడెల్ల పేరు మార్చుకొనుచు వచ్చిన కార్డు (మీ యింటి ట్రంకుపెట్టెలో మూడు పేర్లతో మూడున్నవి) ఆపరేషనుకు, మందులకు ఖర్చు భరించును. మఱి అది భరింపనిది? 21 దినముల కొకసారి కీమో; ఆపైన వారమునకు 5 రోజుల చొప్పున, మూడు మొదలు అయిదు వారములు రేడియేషను. 2022లో పల్నాడు వేఱు జిల్లా యైనను, మాచర్ల మనిషికి పెద్ద చికిత్సయనిన నేటికిని గుంటూరు బాటయే. రోగి పోగలదు, వెంట వచ్చు కూతురో తోడికోడలో ఆనాటి కూలి పోగొట్టుకొని, బిడ్డను పొరుగింట వదలి, గేదెకు గడ్డి వేయువారిని బ్రతిమాలుకొని రావలెను. మూడవ కీమోకు ఆ తోడు మానుకొనును. నాలుగవదానికి రోగియే మానుకొనును. మన దేశమున 2022లో సుమారు లక్షా 92 వేల మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా బయటపడగా, 98 వేల మంది దానితో మరణించిరని లెక్క; ఆ రెండవ అంకెలో ఇట్లు వరుసలోనుండి తొలగిపోయినవారు ఎందఱో నా కనుల యెదుట మెదలుచుందురు.

నీ చందా ఆ తోడుకొఱకు కావలెను. ఒక రోగి పేర రెండు టిక్కెట్లు, పోను రాను, రెండవ మనిషికి ఒక దినపు కూలి, ఇద్దఱికి భోజనము. అంతే. ఊరికి ముగ్గురు రోగులున్నను నీవు ప్రోగుచేయు సొమ్ము ఏడాది వచ్చును. ఆశా కార్యకర్తను అడిగిన పేర్లు తెలియును. పేర్లు మాత్రము పుస్తకములో వ్రాసి బల్లమీద వదలవలదు, మీ అమ్మమ్మ పేరు చెప్పుట మన హక్కుగాని, వారి పేరు చెప్పుట వారి హక్కు. లెక్క పుస్తకము ఎఱ్ఱఅట్టది కొనుము, ప్రతి టిక్కెట్టు ముక్కను అందులో జిగురుతో అంటింపుము. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టునప్పుడు లక్షల చందాకు లెక్క అడుగనివాడు, రోగికిచ్చిన నూరు రూపాయలకు లెక్క అడుగును. అడుగనిమ్ము, చూపుము.

ఫ్లెక్సీ సంగతి. గులాబి రంగు రిబ్బనుతో పదడుగులది వేయించెదనంటివి, దానిమీద ఎవరెవరి ఫొటోలు వేయవలెనో అన్నదమ్ములు అప్పుడే పోట్లాడుకొనుచున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పినది. ఆ రిబ్బను కథ తెలియునా? దాని కంటె ముందు అమెరికాలో షార్లెట్ హేలీ అను వృద్ధురాలు లేత నారింజ రంగు రిబ్బనులు తన యింటనే తయారుచేసి, ప్రభుత్వము క్యాన్సరు నివారణకు ఎంత తక్కువ ఖర్చుపెట్టుచున్నదో చెప్పు చిన్న కార్డుతో పంచెడిది. 1992లో ఒక పత్రికయు, సౌందర్యసాధనముల కంపెనీయు దానిని తమకిమ్మని అడుగగా, ఇది వ్యాపారమగునని ఆమె నిరాకరించెను. వారు రంగు మార్చి గులాబి చేసికొనిరి. అక్టోబరులో చార్మినారుకు గులాబి దీపములు పెట్టినప్పుడు చూడ ముచ్చటగానే యుండును, ఆ వెలుగు చూచి ఒక్క స్త్రీ పరీక్షకు పోయినను లాభమే, కాదనను. కాని మన ఊరిలో ఆ వెలుగుకంటె ముందు బల్లమీది అక్షరములు మార్పవలసియున్నవి. ఫ్లెక్సీ మానుకొని ఆ సొమ్ముతో రాతిపని మనిషిని పిలిపింపుము. నా పేరును చెక్కి తీసివేయించి, ఆ చోట "ఈమె రొమ్ము క్యాన్సరుతో పోయెను. గడ్డకు నొప్పి లేదు. ఒంటరిగా పోవలదు, మా యింటికి వచ్చి చెప్పుము" అని వ్రాయింపుము. ఆ బల్ల పెద్దత్త యింటి ఎదురుగా నుండును గనుక ఆ కడపటి మాటకు ఆమె యేమనునో నాకు తెలియును. ఏమన్నను వ్రాయింపుము.

ఇందుతో రెండు వేలు పంపుచున్నాను. మీ అమ్మకు చెప్పవలదు, ఆమె నా మందుల ఖర్చు లెక్కపెట్టును. మన ఊరినుండి గుంటూరుకు ఇప్పుడు టిక్కెట్టు ఎంతయో కనుగొని మఱుసటి ఉత్తరమున వ్రాయుము. నా యొద్దనున్న ధర పాతది, అది ఒక్క టిక్కెట్టుది.

ఇట్లు,
తాతయ్య