ముందు వినేవాళ్లను వెతుక్కో

బుజ్జీ,

నీ కథ అందింది. దాంతోపాటు నువ్వు రాసిన నాలుగు ముక్కలూ చదివాను. కథా కార్యశాలలో చదివితే ఒక పెద్దాయన మైకు అందుకుని "ఇది కథ కాదమ్మా, జ్ఞాపకం" అన్నారనీ, మిగతావాళ్లు అవునన్నట్టు తలూపారనీ, అప్పట్నుంచి నోటుపుస్తకం తెరవబుద్ధి కావడం లేదనీ రాశావు. ఇంక రాయను అని మాత్రం రాయలేదు. ఆ ఒక్క మాటా రాయలేదు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు కథ సంగతి. మీ నాయనమ్మ మాట్లాడే చోటల్లా నీ కథ నిలబడింది. జూట్ మిల్లు సైరను వినబడగానే ఆమె "ఏటే గుంటా, మీ తాతొచ్చే యేలయింది, కాళ్లకి నీళ్లెట్టు" అనడం, నువ్వు చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడటం, తాత చొక్కాకి అంటుకున్న గోగునార పీచు ఒక్కొక్కటే ఏరడం, ఇవి నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు. ఆమె నోరు విప్పని చోట్ల మాత్రం "వదనంలో విషాదఛాయలు అలముకున్నాయి" లాంటి వాక్యాలు వచ్చి కూర్చున్నాయి. అవి నీవి కావు. నాయనమ్మ మాటలు రాస్తున్నంతసేపూ నీ ఎదుట నాయనమ్మే ఉంది. మిగతావి రాసేటప్పుడు ఆ మైకు పెద్దాయన లాంటివాళ్లు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. వాళ్లు మెచ్చాలని నీ భాష బట్టలు మార్చుకుంది. మనం ఎవరికి చెబుతున్నామనుకుంటే ఆ మనిషిని బట్టే మన గొంతు తెరుచుకుంటుంది, లేదా బిగుసుకుంటుంది. అందుకే నీకిప్పుడు కావలసింది కథాశిల్పం మీద ఇంకో ఉపన్యాసం కాదు. సరిగ్గా వినే మనుషులు. ఆరేడుగురు దొరికితే చాలు.

మా ఊరి లైబ్రరీ గదిలో కొందరు ఆడవాళ్లం ఆదివారాలు కూర్చుని రాసుకుంటామని నీకు తెలుసు. ఆ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. ప్యాట్ ష్నైడర్ అనే అమెరికన్ కవయిత్రి మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హెర్స్ట్ అనే ఊళ్లో 1981లో మొదలుపెట్టింది. ఆమె 1934లో పుట్టింది. పేదరికంలో, కొంతకాలం అనాథాశ్రమంలో పెరిగింది. సాహిత్యం చదువుకున్నవాళ్ల సొత్తు అనే మాటను ఆమె జీవితమంతా ఒప్పుకోలేదు. రాసేవాళ్లే రచయితలని, ప్రతి మనిషికీ తనదైన బలమైన గొంతు ఒకటి ఉంటుందని, ఆ గొంతుకు దెబ్బ తగలకుండానే శిల్పం నేర్పవచ్చని నమ్మింది. దగ్గర్లో ఉన్న చికొపీ పట్టణంలో, ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్లలో ఉండే స్త్రీలతో ఏళ్ల తరబడి రాయించింది. పద్ధతంతా 2003లో 'రైటింగ్ అలోన్ అండ్ విత్ అదర్స్' అనే పుస్తకంలో పెట్టింది. దొరికితే చదువు. దొరక్కపోయినా పరవాలేదు, అందులో పనికొచ్చేదంతా ఒక సాయంత్రంలో చెప్పగలిగేదే.

అందరూ గుండ్రంగా కూర్చుంటారు. వేదిక ఉండదు. నడిపేవాళ్లు ఒక వస్తువో, పాత ఫోటోనో, ఒక వాక్యమో మధ్యలో పెడతారు. పదిహేను, ఇరవై నిమిషాలు అందరూ రాస్తారు. ఇచ్చిన అంశం వదిలేసి మరోటి రాసుకున్నా తప్పు లేదు. నడిపే మనిషి కూడా రాస్తుంది, తన పచ్చి రాతను చదువుతుంది కూడా. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పద్ధతి ప్రాణమంతా ఇందులోనే ఉందని నా నమ్మకం. మిగతావాళ్ల ముందు తను కూడా వణుకుతూ చదివిన మనిషి ఎదుటివాళ్ల రాతను చులకన చేయలేదు. తర్వాత చదవాలనుకున్నవాళ్లు చదువుతారు. వద్దనుకున్నవాళ్లు వద్దంటారు, ఎందుకని ఎవరూ అడగరు.

చదివాక వినేవాళ్లు చెప్పవలసింది రెండే: నాకు ఏది గుర్తుండిపోయింది, ఏది బలంగా ఉంది. అప్పుడే పుట్టిన రాత మీద తప్పులు పట్టడం, సలహాలు ఇవ్వడం, ప్రశ్నలు వేయడం నిషిద్ధం. ఊడ్చిన నారు వేరు పట్టిందో లేదో అని మర్నాడే పీకి చూసే రైతు ఎవరుంటారు చెప్పు? ఇంకో నియమం ఉంది, మన ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలకు అది కంచుకోట లాంటిది. చదివినదాన్ని ఎంత నిజంలా వినిపించినా కల్పనగానే మాట్లాడాలి. "మీ నాయనమ్మ అంత కష్టపడిందా పాపం" అనకూడదు. "కథలో ఆ ముసలామె" అనాలి. అప్పుడు నీ ఇంటి గుట్టు గుంపు మధ్య పడదు, రాత మాత్రమే పడుతుంది. గదిలో విన్నది గది దాటదు. వాట్సాప్‌లో ముక్క కూడా పెట్టకూడదు. నీ కథను "జ్ఞాపకం" అని తోసేసిన చోట ఈ నియమం ఉండి ఉంటే, ఆ మాటకు అర్థమే ఉండేది కాదు. కథ జ్ఞాపకంలోంచి వచ్చిందా, ఊహలోంచి వచ్చిందా అన్నది వినేవాళ్ల పని కాదు కదా.

"పొగడ్తలతో రాత బాగుపడుతుందా?" అంటావని తెలుసు. నువ్వు మీ నాన్న కూతురివి, తేలిగ్గా ఒప్పుకోవు. ఇక్కడ జరిగేది పొగడ్త కాదు. పీటర్ ఎల్బో అనే ఆచార్యుడు 1973లో 'రైటింగ్ విదౌట్ టీచర్స్' అనే పుస్తకం రాశాడు. చదువుకునే రోజుల్లో రాయలేక తనే బాగా ఇబ్బందిపడ్డ మనిషి. పది నిమిషాలు చెయ్యి ఆపకుండా, దిద్దకుండా రాసుకుపోవడమనే అలవాటును చాలామందికి చేర్చింది ఆయనే. గుంపులో వినేవాళ్లు తీర్పు చెప్పకూడదు, వింటున్నప్పుడు తమ మనసులో ఏం జరిగిందో అది చెప్పాలి అంటాడు. ఏ మాట తగిలింది, ఎక్కడ ధ్యాస తప్పింది, ఎక్కడ మళ్లీ లేచి కూర్చున్నారు. "చాలా బాగుందండీ" అన్న మాటతో నువ్వు చేయగలిగేదేమీ లేదు. "గోగునార పీచు ఏరడం దగ్గర నాకు మా నాన్న గుర్తొచ్చాడు" అంటే చాలా చేయవచ్చు. నలుగురు వేర్వేరు మనుషులు నాలుగు వారాల్లో అలాంటి చోట్లే చూపిస్తుంటే, నీ బలం ఎక్కడుందో నీకే తెలిసిపోతుంది. విషాదఛాయలు వాటంతటవే రాలిపోతాయి, ఎందుకంటే వాటిని ఎవరూ ఎప్పుడూ గుర్తు పెట్టుకోరు. ఎల్బో మరో కట్టుబాటు పెట్టాడు: వాళ్లు చెబుతున్నప్పుడు నువ్వు వాదించకూడదు, వివరించకూడదు. ఊరికే వినాలి. కష్టమే, కానీ నేర్చుకో.

విమర్శ వద్దని నేను అనడం లేదు. దానికో సమయం ఉంది. అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ పద్ధతిలో, రాసినవాళ్లు నోరు మూసుకుని కూర్చుంటే మిగతావాళ్లంతా ఆ కథను విప్పి చర్చిస్తారు. ఎందరో పెద్ద రచయితలు అక్కడ తయారయ్యారు. గట్టిపడ్డ రాతకు, గట్టిపడ్డ మనిషికి అది పనికొస్తుందేమో. నోటుపుస్తకం మూసేసిన పిల్లకు మాత్రం పనికిరాదు. నీ కథ రెండు మూడుసార్లు తిరగరాశాక, దిద్దుబాటు కోసం వేరే రోజు కూర్చోండి. అప్పుడు లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990 ప్రాంతంలో తయారు చేసిన వరస నాకు అన్నిటికంటే నచ్చింది. ముందు వినేవాళ్లు తమకు ఏది అర్థవంతంగా తోచిందో చెబుతారు. తర్వాత రాసిన మనిషే తనకున్న అనుమానాలు అడుగుతుంది. "తాత చనిపోయిన సంగతి ముందే చెప్పేశానా?" అని నువ్వే అడుగుతావన్నమాట. ఆ తర్వాత వాళ్లు, లోపల తీర్పు దాచుకోని ప్రశ్నలు వేస్తారు. చివరికి అభిప్రాయం, అదీ "చెప్పమంటారా?" అని అడిగి, నువ్వు సరేనంటేనే. వద్దనే హక్కు నీది. మైకు ఉన్న సభలో నీ చేతిలో లేనిది ఈ హక్కే.

ఒంటరిగా రాసుకున్నవాళ్లు గొప్పవాళ్లు కాలేదా అని కూడా అడుగుతావు. ఆ ఆమ్‌హెర్స్ట్‌లోనే అంతకు వందేళ్ల ముందు ఎమిలీ డికిన్సన్ ఉండేది. పద్ధెనిమిది వందలకు దగ్గరగా కవితలు రాసింది. బతికుండగా అచ్చయినవి పట్టుమని పదో పన్నెండో. ఇల్లు కదలని కవయిత్రి అని అందరూ ఆమెనే చూపిస్తారు. కానీ పక్కింట్లో ఉన్న వదిన సుసాన్‌కు ఆమె రెండు వందల యాభైకి పైగా కవితలు పంపింది. 1862లో, పరిచయం లేని ఒక విమర్శకుడికి కవితలు పంపుతూ, వీటిలో ప్రాణం ఉందా అని అడిగింది. ఛందస్సు సరిపోయిందా, అచ్చుకు పనికొస్తాయా అన్నవి కావు, మొదట అడిగిన ప్రశ్న అది. నీ వినేవాళ్లను నువ్వూ అదే అడగాలి.

గుంపులో రాస్తే అందరి రాతా ఒకేలా అవుతుందన్న భయం కూడా కొందరికి ఉంది. మన దగ్గరే చూడు. వందేళ్ల కిందట తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి చుట్టూ సాహితీ సమితి అని యువకవులు చేరారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, విశ్వనాథ సత్యనారాయణ, నాయని సుబ్బారావు, చింతా దీక్షితులు ఒక్క గూటి పక్షులే. వీళ్లలో ఎవరి పేజీ తెరిచినా పేరు చూడకుండానే ఎవరిదో చెప్పేయవచ్చు. ఒకళ్ల పక్కన ఒకళ్లు నిలబడితేనే తేడా తెలిసేది.

ఈ తేడా సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నీ విషయంలో ఇదే అసలైనది. నీ హాస్టల్లో నెల్లూరు పిల్ల, ఆదిలాబాద్ పిల్ల ఉన్నారన్నావు. వాళ్లతో మొదలుపెట్టు. మన ఇంట్లో అందరం ఒకేలా మాట్లాడుకున్నంత కాలం మనకొక యాస ఉందనే మనకు తెలియదు. కాలేజీకి వెళ్లాక ఎవరో నవ్వితే తెలుస్తుంది, అప్పుడు దాచుకోవడం మొదలెడతాం. రాయడంలోకి వచ్చేసరికి ఆ దాచుకోవడం అలవాటైపోయి ఉంటుంది. అదే ఆదిలాబాద్ పిల్ల తన అమ్మమ్మ మాటల్లో ఒక పేజీ చదివితే, నెల్లూరు పిల్ల తనదాంట్లో చదివితే, ఎవరూ నవ్వని ఆ గదిలో నీ నోట్లోంచి కూడా "ఏటే గుంటా" దానంతటదే వస్తుంది. వాళ్లకు ఆ మాట ముక్కకు ముక్క అర్థం కాకపోయినా ఆ ముసలామె మాత్రం అర్థమవుతుంది. నువ్వు వాక్యాలు పరాయి భాషలోకి మార్చి చెప్పనక్కర్లేదని అప్పుడే నమ్మకం కుదురుతుంది.

వినేవాళ్లుంటే ఏం జరుగుతుందో తెలియాలంటే 'మనకు తెలియని మన చరిత్ర' చదువు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు వెళ్లి, కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు విన్నారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం అందులో తమ మాటల్లోనే మాట్లాడతారు. పోరాటం ముగిసిన మూడు దశాబ్దాల పైన ఆ మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. అన్నేళ్లకు ఆడవాళ్లు కొందరు వచ్చి అడిగి, మధ్యలో దిద్దకుండా విన్నారు. అప్పుడు మనకొక పుస్తకం దొరికింది.

గుంపును ఎంచుకునేటప్పుడు కొన్ని చూసుకో. ఒక్క మనిషే ఎక్కువసేపు మాట్లాడే చోట ఉండకు. నడిపే మనిషి రాయని చోట అసలు ఉండకు. అందరూ అందరినీ "అద్భుతం" అనుకునే చోట రెండుసార్లు చూసి బయటికొచ్చేయ్, అక్కడ ఎవరూ వినడం లేదని అర్థం. ఎవరైనా చదువుతూ ఏడిస్తే ఆగండి, నీళ్లివ్వండి, కానీ వైద్యం చేయబోకండి. పెద్ద గాయమైతే దానికి డాక్టరో కౌన్సెలరో ఉండాలి, రాసుకునే గుంపు ఆ పని చేయలేదు. నువ్వు కూడా నీది వినిపించుకోవడానికే వెళ్లకు. పక్కవాళ్ల రాతలో తగిలిన మాటను సరిగ్గా పట్టి చెప్పడం నేర్చుకున్నవాళ్లకే, తమ రాతలో అది ఎక్కడుందో కనబడుతుంది. మా గదిలో ఒకావిడ చాలాకాలం చదవకుండా వింటూనే ఉంది. ఆవిడ చెప్పే రెండు ముక్కల కోసం మేమంతా ఎదురుచూసేవాళ్లం. చదవడం మొదలుపెట్టాక ఆవిడ రాత మా అందరికంటే గట్టిగా ఉంది.

ఈ ఆదివారమే కూర్చోండి. ముగ్గురున్నా సరే. ఫోన్లు పక్క గదిలో పెట్టండి, టైము చూడటానికి గోడ గడియారం చాలు. మొదటి అంశం నేనిస్తున్నాను: ఇంట్లో ఇప్పుడెవరూ వాడకపోయినా పారేయని వస్తువు ఒకటి. పదిహేను నిమిషాలు, కొట్టివేతలు వద్దు. గుంపు పెట్టింది నువ్వు కాబట్టి ముందు నువ్వే చదవాలి. నెల్లూరు పిల్లకు నీ రాతలో ఏ మాట గుర్తుండిపోయిందో, ఆదిలాబాద్ పిల్లకు ఏది గుర్తుండిపోయిందో వాళ్లన్నది అన్నట్టే రాసి నాకు పంపు. వాళ్ల రాతల్లో నీకు గుర్తున్నవి కూడా రాయి. జూట్ మిల్లు కథ ఇంకో నాలుగు వారాలు ముట్టుకోకు. ఆ తర్వాత దాన్ని ముందు వాళ్లకు చదివి వినిపించి, అప్పుడు నాకు పంపు.

ప్రేమతో,
మీ అత్త