గ్రామదేవతల గురించి రాసిన బిషప్: హెన్రీ వైట్‌హెడ్

కలకడ, పుంగనూరు, కుప్పం వైపు నుంచి పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులకు గంగమ్మ జాతర కొత్త కాదు. గంగమ్మ వంటి గ్రామదేవతలపై పుస్తకం రాసింది ఒక ఆంగ్లికన్ బిషప్ అని మాత్రం చాలామందికి తెలియదు.

హెన్రీ వైట్‌హెడ్ ఇంగ్లండులో 1853లో పుట్టారు. 1883లో కలకత్తా బిషప్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1899 నుంచి 1922 వరకు మద్రాసు బిషప్. తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ ఆయన తమ్ముడే. ఈ బంధుత్వాన్ని తప్పక గుర్తుంచుకోండి.

రచన: ‘ది విలేజ్ గాడ్స్ ఆఫ్ సౌత్ ఇండియా’. తెలుగు పల్లెల కొలుపులు, బలులు అందులో వివరంగా ఉన్నాయి. మిషనరీ దృష్టితో చేసిన వ్యాఖ్యలను పక్కనపెట్టి చదివితే, మన ఊళ్ల ఆచారాలకు అది విలువైన ఆధారం.

దోర్నకల్‌కు 1912లో వి.ఎస్. అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ కావడం వెనక వైట్‌హెడ్ ప్రోత్సాహం ఉంది. వైట్‌హెడ్ మరణం 1947.