ఎముకల నొప్పి వెనుక ప్లాస్మా కణం

నల్గొండ అనగానే అభ్యర్థులు ఫ్లోరోసిస్ అని గుర్తుపెట్టుకుంటారు. మంచిదే. కానీ నడుం నొప్పితోనే బయటపడగల మల్టిపుల్ మైలోమా అనే ప్లాస్మా కణాల క్యాన్సర్ గురించి కూడా తెలియాలి. తేడా ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది: ఫ్లోరోసిస్‌లో వెన్నెముక, కటి ఎముకలు చిక్కబడి తెల్లగా ఉంటాయి, మైలోమాలో పుర్రెకు పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రాలు పడతాయి.

ప్లాస్మా కణాలు బి లింఫోసైట్ల నుంచి పుట్టి యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఒకే కణ సంతతి అదుపు తప్పితే ఒకే రకం యాంటీబాడీ పోగవుతుంది. సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో సన్నగా, నిటారుగా లేచే ‘ఎం’ శిఖరం అదే. దాని రకం తేల్చేది ఇమ్యునోఫిక్సేషన్. ఎక్కువగా దొరికేది ఐజీజీ.

మూత్రంలోకి వచ్చే యాంటీబాడీ తేలిక గొలుసులను, అంటే బెన్స్ జోన్స్ ప్రోటీన్‌ను, మామూలు డిప్‌స్టిక్ పట్టుకోలేదు, అది ప్రధానంగా ఆల్బుమిన్‌కే స్పందిస్తుంది. అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

మూలుగ పరీక్షలో క్లోనల్ ప్లాస్మా కణాలు 10 శాతం లేదా అంతకు మించి ఉండి, కాల్షియం పెరగడం, కిడ్నీ దెబ్బతినడం, రక్తహీనత, ఎముక దెబ్బతినడంలో ఏదో ఒకటి తోడైతే మైలోమాయే. 2014 ప్రమాణాల ప్రకారం 60 శాతం లేదా అంతకు మించి ఉంటే ఆ లక్షణాల కోసం ఆగనక్కర్లేదు. కణజాలంలో ప్లాస్మా కణాల గుర్తు సీడీ138.



మైలోమాతో పాటు రాగల అమిలాయిడోసిస్‌ను గుర్తించేందుకు కాంగో రెడ్ రంజకం. పోలరైజ్డ్ కాంతిలో ఆకుపచ్చ మెరుపు.