లేచి ఇచ్చిన సీటు, రాసి ఇవ్వని వాటా

"అందరూ సమానమే అంటున్నప్పుడు ఆడవాళ్లకు ప్రత్యేకంగా మర్యాద ఎందుకు తాతయ్యా?" అని మా ఇంట్లో పిల్లలే కాదు, వీధిలో కుర్రాళ్లూ అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. రకరకాల మనుషులు ఒకే చోట ఒదిగి కూర్చోవడం రోజూ చూసే ఉద్యోగం అది. మర్యాద ఎక్కడ మనిషిని నిలబెడుతుందో, ఎక్కడ నోరు నొక్కుతుందో బస్సులోనూ చూశాను, ఇళ్లలోనూ చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మర్యాద ఉండాలి. హక్కు దక్కిన మనిషికి ఆ పైన మర్యాద కూడా దక్కాలి. హక్కు ఎగ్గొట్టి, దాని బదులు మర్యాద చేతిలో పెట్టడం మాత్రం మోసం.

1. హక్కుగా ఉన్నదాన్ని దయగా ఇవ్వకండి

స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమనీ, వారికి కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనివ్వాలనీ మన బస్సుల్లో రాసి ఉండేది. అందులో మొదటిది మనసుకు సంబంధించిన మాట, రెండోది నిబంధన. రెండూ మంచివే. చాలామంది మగవాళ్లు మాత్రం ఆ రెంటినీ కలిపేసుకుంటారు. ఆడవాళ్ల సీట్లో కూర్చుని, అడిగాక లేచి, పెద్ద ఉపకారం చేసినట్టు చూస్తారు. అక్కడ చేసింది ఉపకారం కాదు, ఎవరి సీటు వాళ్లకు వదలడం. మర్యాద అనేది మీ సొంత సీటు దగ్గర మొదలవుతుంది. చంకలో బిడ్డతో ఒకామె నిలబడి ఉంటే, మీరు టికెట్టు కొని కూర్చున్న సీటు ఇచ్చారనుకోండి, దాన్ని మర్యాద అంటాను.

2. పోటీ సమానంగా లేనిచోట కేటాయింపు న్యాయమే

"సమానత్వం కావాలన్నారుగా, నిలబడండి" అనే మాట బస్సులో ఎన్నోసార్లు విన్నాను. ఆడవాళ్లకు బస్సుల్లో ఉచిత ప్రయాణమిస్తూ 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆ మాటకు ఇంకొంచెం కోపం తోడైంది. టికెట్టు కొన్నవాడు నిలబడవలసి వస్తే కష్టమే, కాదనను. దానికి అడగవలసింది మరిన్ని బస్సులు. పక్కన నిలబడ్డ ఆడమనిషిని దెప్పిపొడిస్తే బస్సులో సీట్లు పెరగవు.

పండగ ముందు రోజు ఏ బస్టాండుకైనా వెళ్లి చూడండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు, కర్చీఫులు సీట్ల మీద పడతాయి. పరిగెత్తగలిగినవాడిదే సీటు. బిడ్డనెత్తుకున్న తల్లి, చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్టెక్కే ముసలమ్మ ఆ పరుగులో ఎలా గెలుస్తారు? జనం నలిగిపోయేంత రద్దీలో ఒంటి మీద పడే చేతుల సంగతి ఆడవాళ్లకు తెలుసు, డ్యూటీ చేసిన కండక్టరుకూ తెలుసు. సీట్ల కేటాయింపు వెనక ఉన్నది ఆ అనుభవం.

ఉద్యోగాల్లోనూ అంతే. అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయింపును సవాలు చేస్తే, అది చెల్లుతుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. స్త్రీలకోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం రాజ్యాంగం 15వ అధికరణంలోని మూడో క్లాజులోనే ఉంది. సమానత్వం రాసిన పుస్తకంలోనే ఈ ఏర్పాటూ రాసి ఉంది.

3. చెయ్యి వేసే ముందు అడగండి

సాయం చేయాలన్న ఉత్సాహంలో కొందరు అడక్కుండానే ఆడవాళ్ల చేతిలో సంచి లాక్కుంటారు. ఆమె బెదిరిపోతుంది. మన పల్లెల్లో దీనికి మంచి పద్ధతి ఎప్పటినుంచో ఉంది. గడ్డిమోపో, కూరగాయల గంపో తలకెత్తుకోవాలంటే, దారినపోయే మనిషిని "కాస్త చెయ్యి వెయ్యి" అని అడుగుతారు. ఆడా మగా తేడా లేదు. అడిగినంతవరకే సాయం చేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. మోసేది ఆమే. బరువు ఎంతో, ఎలా ఎత్తాలో ఆమెకే తెలుసు. నాకు తెలిసిన మర్యాదల్లో ఇంతకంటే సమానమైనది లేదు.

మరొక మాట. సాయం చేసినంత మాత్రాన ఆమె పేరు, ఊరు, ఫోన్ నంబరు అడిగే హక్కు రాదు. నవ్వుతూ మాట్లాడాలన్న బాకీ ఆమెకు ఉండదు. బదులు ఆశించి సీటు ఇచ్చేవాడికంటే ఇవ్వనివాడే నయం.

4. రక్షణ పేరుతో దారి మూయకండి

మహిళా కండక్టర్లు వచ్చిన కొత్తలో మా తోటివాళ్లలో మంచివాళ్లే "పాపం, ఆడపిల్ల, దూరం సర్వీసు వద్దు, రాత్రి డ్యూటీ వద్దు" అనేవాళ్లు. వాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ అమ్మాయిలను అడిగితే కావలసింది వేరే ఉండేది: తాళం పడే విశ్రాంతి గది, నీళ్లున్న మరుగుదొడ్డి, డ్యూటీ దిగాక ఇల్లు చేరే ఏర్పాటు. అవి ఇవ్వడానికి ఖర్చవుతుంది. "వద్దులే తల్లీ" అనడానికి ఏమీ ఖర్చు కాదు. అందుకే లోకం రెండోది ఎంచుకుంటుంది.

చట్టాలూ ఇలాగే నడిచాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీల పనిని ఉదయం 6 నుంచి సాయంత్రం 7 గంటల మధ్యకు పరిమితం చేసింది. 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టం మద్యం అమ్మి అక్కడే తాగనిచ్చే చోట స్త్రీలు పని చేయకూడదంది. ఆ చట్టం ఢిల్లీలోనూ అమలులో ఉండడంతో హోటళ్లలో చదువుకున్న అమ్మాయిలకు కొన్ని ఉద్యోగాలు అందకుండా పోయాయి. 2007 డిసెంబరులో, అనూజ్ గార్గ్ కేసులో, సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ప్రమాదం ఉంటే భద్రత కల్పించాలి గాని, స్త్రీని పనిలోంచి తప్పించకూడదన్నది ఆ తీర్పు సారం. మన ఇంట్లో అమ్మాయి రాత్రి చదువుకోవడానికో, పనికో వెళ్లాలన్నప్పుడు ఈ తీర్పు గుర్తు తెచ్చుకోండి. వద్దనే ముందు, వెళ్లిరావడానికి ఏం కావాలో ఆమెనే అడగండి.

5. చీర పెట్టి వాటా తీసుకోకండి

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మన ఇళ్లలో ఆడపడుచుకు ఎంత గౌరవమో మీకు తెలుసు. ఆమె రాకుండా శుభకార్యం జరగదు. పసుపు కుంకుమ, సారె, తెలంగాణలో ఒడిబియ్యం, ఇవన్నీ ప్రేమతోనే పెడతారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ తండ్రి పోయాక పొలం కాగితాలు తీసే రోజు వస్తుంది. అదే ఆడపడుచును రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్లి, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుని, పట్టుచీర పెట్టి పంపుతారు. "పుట్టింటి రాకపోకలు ఉండాలా వద్దా" అన్న ప్రశ్న ఎవరూ పైకి అనరు. ఆమెకు మాత్రం అది వినిపిస్తూనే ఉంటుంది.

ఈ విషయంలో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం దేశానికి దారి చూపింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 1986 నాటి సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు మాత్రం వర్తించలేదు. 2005లో కేంద్ర సవరణతో ఆ అడ్డూ తొలగింది. ఆ సవరణ అమలులోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

ఆమె కలిగిన ఇంట్లో ఉండి, నిండు మనసుతో "నాకొద్దు" అంటే అది ఆమె ఇష్టం. అలా అనే ముందు తన వాటా ఎంతో, విలువ ఎంతో ఆమెకు తెలియాలి. "కావాలి" అన్నా పుట్టింటి గడప ఆమెకు తెరిచే ఉండాలి. ఈ రెండూ ఉన్నప్పుడు పెట్టే చీరే గౌరవం. అన్నదమ్ములారా, ముందు వాటా లెక్క చెప్పండి, తర్వాత సారె పెట్టండి.

6. కుర్చీ వేశాక మాట కూడా చెప్పనివ్వండి

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి, పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల చట్టాల్లోనూ అది సగం. సభలో మహిళా సర్పంచికి ముందు వరసలో కుర్చీ వేస్తారు, శాలువా కప్పుతారు. బోరు సంగతి, బిల్లు సంగతి అడగవలసి వస్తే మాత్రం అందరూ ఆమె భర్త వైపు తిరుగుతారు. ఇక్కడ ఊరివాళ్లు చేయగలిగిన మర్యాద ఒకటుంది. ప్రశ్న ఆమెనే అడగండి. ఆమె తడబడితే ఆగండి. భర్త అందుకుంటే "అమ్మగారిని చెప్పనివ్వండి" అనండి. శాలువా కంటే ఈ ఒక్క మాట ఆమెకు ఎక్కువ బలమిస్తుంది.

7. మర్యాదకు కులం, జీతం చూడకండి

టీచరమ్మ బస్సెక్కితే "రండి మేడమ్, కూర్చోండి" అంటారు. తట్టా పారా పట్టుకుని కూలికి పోయే తల్లి ఎక్కితే "ఏయ్, లోపలికి జరుగు" అంటారు. వయసులో ఈమె టీచరమ్మకు తల్లిలా ఉంటుంది. స్త్రీలంటే గౌరవం ఉందని చెప్పుకునేవాణ్ణి నేను ఇక్కడే కొలుస్తాను. చీర చూసి, కులం చూసి ఇచ్చేది హోదాకు పెట్టే దండం. ఇంట్లో అంట్లు తోమే ఆమెను, వీధి ఊడ్చే ఆమెను "మీరు" అని పిలిచి చూడండి. మీ పిల్లలకు వేరే పాఠం చెప్పనవసరం లేదు.

8. మర్యాద ఇంట్లోంచి బయటికి రావాలి

బయట పరాయి ఆడవాళ్లకు దారి వదిలే మనిషి, ఇంట్లో భార్య అందరికీ వడ్డించి చివర మిగిలింది తింటుంటే గమనించడు. గమనించినా అది ఆచారమనుకుంటాడు. కంచాలు అందరివీ ఒకేసారి పెట్టండి. తిన్న కంచం మీరే తీయండి. ఇంటిపని ఆమెది, మీరు చేసేది సాయం అనుకోకండి. ఇల్లు ఇద్దరిదైతే పనీ ఇద్దరిదే.

9. అవసరం చూసి ఇవ్వండి, ఎవరైనా ఇవ్వండి

కాలేజీ అమ్మాయి లేచి, ఊతకర్ర పట్టుకున్న పెద్దాయనకు సీటిస్తే ఆయన "ఆడపిల్ల లేవడమేమిటి" అని మొహమాటపడడం చూశాను. మొహమాటం అక్కర్లేదు. ఓపిక ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇవ్వడం మర్యాద. గర్భిణికి, పసిబిడ్డ తల్లికి, ముసలివాళ్లకు, జ్వరంతో ఒణికే కుర్రాడికి అందరూ లేవాలి. మగవాడే ఇవ్వాలి, ఆడదే పుచ్చుకోవాలి అన్న పాత లెక్క ఇద్దరినీ చిన్నబుచ్చుతుంది. పుచ్చుకునేవాళ్లు బలహీనులని, ఇచ్చేవాళ్లకు అలుపే ఉండదని అది నమ్మిస్తుంది.

కనుక అబ్బాయిలకు నా జవాబు ఇది. సమానత్వం వచ్చిందని మర్యాద మానేయకండి, దాన్ని అందరికీ పంచండి. స్త్రీకి ఏదైనా మర్యాద చేసే ముందు మీకు మీరే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఆమె కోరుకున్నదేనా? ఆమెకు రావలసినదేదైనా నా దగ్గర ఉండిపోయిందా? మొదటిదానికి అవునని, రెండోదానికి లేదని చెప్పగలిగితే నిశ్చింతగా చేయండి. రెండోదానికి ఉందని తేలితే మాత్రం ముందు అది తిరిగి ఇచ్చేయండి.